పీటర్ లాఫర్డ్ కుడి చెయ్యి

పీటర్ లాఫర్డ్ అంటే ఇవాళ పెద్దగా ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్లు కూడా కెన్నెడీ చెల్లెలి మొగుడనో, మార్లిన్ మన్రో చనిపోయిన రాత్రి ఆవిడతో ఫోన్లో మాట్లాడినవాడనో, గాయకుడూ నటుడూ అయిన ఫ్రాంక్ సినాట్రా వెళ్లగొట్టినవాడనో చెప్తారు. ఎటు తిప్పినా పక్కన ఇంకో పెద్ద పేరు నిలబడితే తప్ప ఈయన కనపడడు. అన్నేళ్లు సినిమాల్లో ఉన్న మనిషికి ఇదేం ఖర్మో.

నాకు ఈయన పరిచయమైంది ఎనభైల చివర్లో, లాస్ ఏంజెలెస్ పక్కన కల్వర్ సిటీలో, నేను సాయంత్రాలు పనిచేసిన వీడియో షాపులో. సికింద్రాబాద్ నుంచి అక్కాబావల దగ్గరికొచ్చి కాలేజీలో చేరాను. అప్పటిదాకా ఇంగ్లీషు సినిమా అంటే సంగీత్ థియేటర్లో చూసిన జేమ్స్ బాండ్ సినిమాలే. షాపులో నా పని తిరిగొచ్చిన క్యాసెట్లని రివైండ్ మెషిన్లో పెట్టి, గిర్రున తిరిగి టక్కుమని ఆగాక డబ్బాలో సర్దడం. వెనక గోడకి పాత సినిమాల అర ఒకటుండేది, దాని జోలికి కుర్రాళ్లెవరూ వెళ్లరు. ఆ ఊళ్లోనే పాత ఎంజీఎం స్టూడియో, కాబట్టి చుట్టుపక్కల ముసలివాళ్లకి ఆ అర గుడిలాంటిది. అందులో ఒకావిడ, మెడలో గొలుసుకి కళ్లజోడు వేలాడేసుకుని, వచ్చినప్పుడల్లా 'గుడ్ న్యూస్' క్యాసెట్ తీసుకెళ్లేది. 1947 సినిమా, కాలేజీ కుర్రాళ్ల కథ, జూన్ ఆలిసన్ హీరోయిన్, లాఫర్డ్ హీరో.

"ఎన్నిసార్లు చూస్తారండీ, కొనేసుకోవచ్చుగా" అన్నానొకసారి. "కొనుక్కుంటే ఇంక బయటికెందుకొస్తాను హనీ" అంది. తరవాత కౌంటర్ మీద డబ్బాని నావైపు తిప్పి, "నువ్వు చూసేటప్పుడు ఇతని మొహం చూడకు, కుడి చెయ్యి చూడు" అంది.

ఇంటికి పట్టుకెళ్లి చూశాను. ముందు ఏమీ అర్థం కాలేదు. ఆరడుగుల మనిషి, నవ్వితే కళ్లు కూడా నవ్వుతాయి. రెండోసారి పాజ్ చేసుకుంటూ చూస్తే తెలిసింది. ఆ చెయ్యి ఊరికే ఉండదు. ప్యాంటు జేబులో ఉంటుంది, లేకపోతే ఏ పుస్తకాన్నో కోటు అంచునో పట్టుకుని ఉంటుంది. చిన్నప్పుడు అద్దం తలుపులోంచి చెయ్యి దూసుకుపోయి నరాలు తెగాయట, వేళ్లు మళ్లీ పూర్తిగా సాగలేదు. జీవితమంతా ఆ చెయ్యిని కెమెరాకి దొరక్కుండా దాచుకుంటూనే నటించాడు. అది తెలిశాక ఇంక ఆయన్ని మామూలుగా చూడలేం. మిగతా హీరోలు డైలాగు గురించి ఆలోచించుకుంటుంటే ఈయన చెయ్యెక్కడ పెట్టాలా అని ఆలోచించుకుంటున్నాడని తెలిసిపోతుంటుంది.

విచిత్రమేంటంటే ఆయనకి అవకాశాలు తెచ్చింది కూడా ఆ చెయ్యే. 1923లో లండన్లో పుట్టాడు (మన ఎన్టీఆర్ పుట్టిన ఏడాదే). తండ్రి సర్ బిరుదున్న సైన్యాధికారి. తల్లిదండ్రులు ఒకరికొకరు దొరికేనాటికి ఇద్దరికీ వేరే పెళ్లిళ్లయి ఉన్నాయి, అదో పెద్ద రభస, దాంతో దేశాలు పట్టుకు తిరిగారు. అమెరికా చేరేసరికి డబ్బుల్లేవు. ఫ్లోరిడాలో కార్లు పార్క్ చేశాడు, లాస్ ఏంజెలెస్ వచ్చి వెస్ట్‌వుడ్‌లో సినిమా హాల్లో టార్చిలైటుతో సీట్లు చూపించాడు. ఈలోపు రెండో ప్రపంచ యుద్ధం. క్లార్క్ గేబుల్, జేమ్స్ స్టూవర్ట్ లాంటి హీరోలంతా యూనిఫాం వేసుకుని వెళ్లిపోయారు. చెయ్యి బాగోలేక సైన్యానికి పనికిరాని ఇంగ్లీషు కుర్రాడు స్టూడియోకి దేవుడిచ్చిన వరమయ్యాడు. 1943లో ఎంజీఎం కాంట్రాక్టు. తరవాత 'ఈస్టర్ పరేడ్'లో జూడీ గార్లండ్‌కి వానలో గొడుగు పట్టి పాడటం, 'లిటిల్ విమెన్'లో పక్కింటి లారీ, 'రాయల్ వెడ్డింగ్'లో ఫ్రెడ్ ఆస్టైర్ చెల్లెలి ప్రేమికుడు. చూశారుగా, ఇక్కడా అంతే, ఎవరో ఒకరి పక్కన. గొప్ప నటుడని నేననను. పాట ఫరవాలేదు, డాన్సు ఫరవాలేదు. తెరమీద ఉంటే చూడబుద్ధేస్తుంది, అంతే, ఆ అంతే అన్నది ఎంతమందికుంటుంది గనక.

సినాట్రాతో స్నేహం 'ఇట్ హాపెన్డ్ ఇన్ బ్రూక్లిన్' రోజుల్నించే, అంటే 1947 నుంచి. యాభైల మొదట్లో ఒకసారి చెడింది కూడా. సినాట్రాకీ ఆవా గార్డ్‌నర్‌కీ కాపురం విరిగిన రోజుల్లో లాఫర్డ్ ఆవిడతో ఎక్కడో కూర్చుని డ్రింక్ తీసుకున్నాడని పత్రికలో గాసిప్ వచ్చింది. దాంతో కొన్నేళ్లు సినాట్రా ఈయన మొహం చూడలేదు. ఈలోగా, 1954లో, లాఫర్డ్ ప్యాట్రీషియా కెన్నెడీని పెళ్లి చేసుకున్నాడు. మామగారు జోసెఫ్ కెన్నెడీకి సినిమావాడు అల్లుడవడమే ఇష్టం లేదు, అందులోనూ ఇంగ్లీషువాడు. ఆ బావగారు జాన్ కెన్నెడీ అప్పటికి కుర్ర సెనేటర్. నాలుగేళ్లయ్యేసరికి ఆ సెనేటర్ ప్రెసిడెంట్ అవుతాడేమోనన్న మాట ఊరంతా పాకింది, సరిగ్గా అప్పుడే సినాట్రాకి లాఫర్డ్ మీద కోపం పోయింది. కాకతాళీయం అని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. 1958 నవంబర్లో పుట్టిన పాపకి విక్టోరియా ఫ్రాన్సిస్ అని పేరు పెట్టారు: కెన్నెడీ సెనేట్ ఎన్నిక గెలిచిన రోజు పుట్టిందని విక్టోరియా, ఫ్రాంక్ సినాట్రా పేరు కలిసొచ్చేలా ఫ్రాన్సిస్. పసిపిల్ల పేరులోనే రెండు దివాణాలకీ దండం పెట్టేశాడు మహానుభావుడు.

ర్యాట్ ప్యాక్ అని ఇప్పుడంతా పిలిచే గుంపు అసలు హంఫ్రీ బోగార్ట్ ఇంట్లో చేరిన తాగుబోతు మిత్రులది. ఆయన 1957లో పోయాక సినాట్రా చుట్టూ కొత్తది తయారైంది: సినాట్రా, డీన్ మార్టిన్, సామీ డేవిస్ జూనియర్, జోయీ బిషప్, లాఫర్డ్. వాళ్లంతా కలిసి దోపిడీ చేసే 'ఓషన్స్ 11' కథని ముందు పట్టుకుని హక్కులు కొన్నది కూడా లాఫర్డే, ఆ సంగతి చాలామందికి తెలీదు. 1960 జనవరి, ఫిబ్రవరి నెలల్లో లాస్ వేగాస్‌లో పగలు షూటింగు, రాత్రి శాండ్స్ హోటల్లో షో, ఆ తరవాత తెల్లారేదాకా మందు. ఎప్పుడు పడుకునేవాళ్లో. ఫిబ్రవరి 7న కెన్నెడీ వచ్చి ప్రేక్షకుల్లో కూర్చున్నాడు, సినాట్రా స్టేజి మీంచి ఆయన్ని పరిచయం చేశాడు.

ఆ సినిమా చివరి షాట్ నేను ఎన్నిసార్లు రివైండ్ చేసి ఉంటానో. దోచిన డబ్బంతా శవంతోపాటు కాలిపోయాక, అందరూ మొహాలు వేలాడేసుకుని ఎండలో రోడ్డు పక్కన ఒకరి వెనక ఒకరు నడిచి వెళ్తుంటారు. వెనక శాండ్స్ హోటల్ బోర్డు. దానిమీద పెద్దక్షరాలతో వాళ్ల అసలు పేర్లే ఉంటాయి: ఫ్రాంక్ సినాట్రా, డీన్ మార్టిన్, సామీ డేవిస్ జూనియర్, పీటర్ లాఫర్డ్, జోయీ బిషప్. నాలుగో పేరు. సినిమాలో ఆయన పాత్ర కూడా తల్లి డబ్బు మీద బతికే ధనవంతుల బిడ్డ. ఎవరు రాశారో గానీ కొంచెం క్రూరంగానే రాశారు.

(ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే వేగాస్ తీసుకెళ్లడం మనవాళ్లకి ఆచారం కదా, నేనూ తీసుకెళ్లాను. శాండ్స్‌ని 1996లో పేల్చి కూల్చేశారు, ఆ చోట ఇప్పుడు వెనీషియన్ హోటలుంది, లోపల కాలవలూ పడవలూ. అమ్మ పడవ దగ్గర ఫోటో దిగుతుంటే నేను నాన్నకి ఇక్కడే ఫలానావాళ్లు ఆడి పాడారు అని ఉత్సాహంగా చెప్తున్నాను. ఆయన అంతా విని, "వాళ్లలో ఒక్కడైనా పెళ్లాంతో సరిగ్గా కాపురం చేశాడా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.)

1960 ఎన్నికల్లో సినాట్రా కెన్నెడీ కోసం నిజంగానే ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడు. గెలిచాక 1961 జనవరి 19న, వాషింగ్టన్ మంచులో కూరుకుపోయిన రాత్రి, ప్రమాణస్వీకారం ముందు జరిగిన పెద్ద సంగీత కచేరీని నడిపింది సినాట్రా, లాఫర్డ్ ఇద్దరూ. లాఫర్డ్ జీవితంలో అంతకన్నా పైమెట్టు ఇంకోటి లేదు. శాంటా మోనికా బీచ్‌లో పాత ఎంజీఎం అధిపతి లూయీ బి. మేయర్ కట్టించుకున్న ఇల్లు ఈయనది, అక్కడికి ప్రెసిడెంటొస్తాడు, మార్లిన్ మన్రో వస్తుంది, ఇసుకలో వాలీబాల్ ఆడతారు.

పద్నాలుగు నెలలు. అంతే నడిచింది.

1962 మార్చిలో కెన్నెడీ పామ్ స్ప్రింగ్స్ వైపు వస్తున్నాడు. తన ఇంట్లోనే దిగుతాడని సినాట్రా నమ్మకం. నమ్మకమంటే మామూలుగా కాదు. అతిథుల కోసం కాటేజీలు కట్టించాడు, ఫోన్ లైన్లు వేయించాడు, హెలికాప్టర్ దిగడానికి కాంక్రీటు పోయించాడు. 1960లో కెన్నెడీ ఇక్కడ బసచేశాడని గోడకి ఫలకం కూడా పెట్టించుకున్నాడు. అటు తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ అటార్నీ జనరల్, మాఫియా మీద కేసులు బిగిస్తున్న మనిషి. షికాగో మాఫియా నాయకుడు శామ్ జియాన్‌కానాకి ఆతిథ్యమిచ్చిన ఇంట్లో ప్రెసిడెంట్ నిద్రపోతే ఏం బాగుంటుంది? వద్దన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు, నేనైనా వద్దంటాను. కానీ ఆ కబురు సినాట్రాకి ఎవరు చెప్పాలి? ప్రెసిడెంట్ చెప్పడు. తమ్ముడు చెప్పడు. ఇంటల్లుడు చెప్పాలి.

చెప్పాడు. అది చాలనట్టు కెన్నెడీ వెళ్లి దిగింది ఇంకో గాయకుడు బింగ్ క్రాస్బీ ఇంట్లో. క్రాస్బీ రిపబ్లికన్, పైగా కుర్రతనం నుంచీ సినాట్రాకి గురువూ పోటీదారూ అన్నీ ఆయనే. అవమానం చెయ్యడానికి అంతకన్నా మంచి ఇల్లు వెతికినా దొరకదు. సినాట్రా సుత్తి తీసుకుని హెలికాప్టర్ కోసం వేయించిన కాంక్రీటుని తనే పగలగొట్టాడని ఆ ఇంట్లో పనిచేసినాయన తరవాత చెప్పుకొచ్చాడు. ప్రెసిడెంట్‌ని మాత్రం ఏమీ అనలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు మొత్తం లాఫర్డ్ మీద పడింది. ఫోన్లు ఆగిపోయాయి. తరవాతి సినిమాల్లోంచి పేరు తీసేశారు. 'రాబిన్ అండ్ ద 7 హుడ్స్'లో లాఫర్డ్‌కి అనుకున్న పాత్ర ఎవరికిచ్చారో తెలుసా? బింగ్ క్రాస్బీకి! ఇది నేను మొదటిసారి తెలుసుకున్నప్పుడు షాపులో ఒక్కణ్ణే పగలబడి నవ్వాను, ఆ తరవాత ఎందుకో నవ్వు రాలేదు.

నన్ను చాలాకాలం వేధించింది ఒకటే. సినాట్రా క్షమించని మనిషేం కాదు. 1959లో సామీ డేవిస్ షికాగోలో ఒక రేడియో ఇంటర్వ్యూలో, ఎంత టాలెంట్ ఉన్నా మనుషులతో అలా ప్రవర్తించడం తప్పని సినాట్రా గురించి బాహాటంగా మాట్లాడాడు. సినాట్రా మండిపడి 'నెవర్ సో ఫ్యూ' సినిమాలోంచి సామీని పీకేశాడు, ఆ వేషం స్టీవ్ మెక్వీన్‌కి పోయింది. కానీ కొన్ని నెలల్లోనే దగ్గరికి తీశాడు. తిట్టినవాడికి దొరికిన క్షమాపణ, పరాయివాళ్ల మాట మోసినవాడికి దొరకలేదు. ఎందుకంటే సామీ పక్కనుంటే షో నిలబడుతుంది. పాడతాడు, ఆడతాడు, డ్రమ్స్ వాయిస్తాడు, మిమిక్రీ చేస్తాడు, అలాంటివాణ్ణి వదులుకుంటే సినాట్రాకే నష్టం. లాఫర్డ్ స్టేజిమీదికి తెచ్చింది ఒక్క బంధుత్వం. అది పని చెయ్యడం మానేసిన రోజున ఆయనతో ఏం పని? ఇది కటువుగా ఉంటుందని తెలుసు. వీడియో షాపు ఆవిడతో ఇదే అంటే ఆవిడకి కోపమొచ్చింది. "అందరూ అతనింటి బీచ్‌లో తిన్నారు, తాగారు, అది కూడా లెక్కలోకి రాదా" అంది. వస్తుంది, నిజమే. కానీ ఆ లెక్క ఎవరు రాశారు?

అదే ఏడాది మిగతావన్నీ వరసగా పడ్డాయి. మే 19న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రెసిడెంట్ పుట్టినరోజు వేడుకలో మార్లిన్‌ని స్టేజిమీదికి పిలిచింది లాఫర్డే, ఆవిడ ఎప్పుడూ లేటుగా వస్తుందన్న జోకు మీద. ఆగస్టులో ఆవిడ పోయింది. ఆ రాత్రి ఫోన్లో ఆవిడ మాట తడబడటం విని కంగారుపడ్డాడు, వెళ్దామనుకున్నాడు, ప్రెసిడెంట్ ఇంటి అల్లుడు అలా వెళ్లడం బాగోదని మేనేజరు ఆపాడు, ఆగిపోయాడు. కుట్ర కథల జోలికి నేను పోను, వాటికి అంతు లేదు. కానీ ఆ ఆగిపోవడం ఆయన్ని వదల్లేదని తరవాత ఆయన మాట్లాడిన తీరు చూస్తే తెలుస్తుంది. మర్నాడు లోకమంతా ఆయన్నే అడిగింది, చచ్చేదాకా అడుగుతూనే ఉంది. అంత్యక్రియలకి ఆవిడ మాజీ మొగుడు జో డిమాజియో ఈయన్నీ రానివ్వలేదు, సినాట్రానీ రానివ్వలేదు. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ మళ్లీ సమానమయ్యారు.

1963 నవంబర్లో కెన్నెడీ హత్య. 1966లో విడాకులు. రెండిళ్లూ పోయాయి.

అదే 1966లో వచ్చిన 'ది ఆస్కార్' అనే సినిమా ఉంది, చెత్త సినిమా, చూడమని చెప్పను. అందులో లాఫర్డ్ ఒకప్పుడు స్టార్‌గా వెలిగి ఇప్పుడు హోటల్లో వచ్చినవాళ్లకి టేబుల్ చూపిస్తూ బతికే మనిషి. ఉన్న కాసేపే ఉంటాడు. నా దృష్టిలో ఆయన అంత నిజంగా ఇంకెక్కడా నటించలేదు. ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో, లేక ఎంత డబ్బు అవసరమో.

తరవాతి కథ త్వరగా చెప్పేస్తాను, అందులో తీపి లేదు. సామీ మాత్రం వదిలెయ్యలేదు, ఇద్దరూ కలిసి 1968లో 'సాల్ట్ అండ్ పెప్పర్' తీశారు, దానికి రెండో భాగం కూడా వచ్చింది. ఆపైన టీవీలో చిన్న చిన్న వేషాలు, మందు, మాదకద్రవ్యాలు, ఇంకో మూడు పెళ్లిళ్లు. దేవుడిలాంటి మనిషని చెప్పడం లేదు. నమ్మినవాళ్లని ఏడిపించాడు కూడా. 1983 చివర్లో మందూ మాదకద్రవ్యాలూ మాన్పించే బెట్టీ ఫోర్డ్ సెంటర్లో చేరాడు గానీ అప్పటికే లివరూ కిడ్నీలూ వినే స్థితిలో లేవు. 1984 డిసెంబర్ 24న పోయాడు, 61 ఏళ్లు. ఆ అయిదుగురిలో మొదట పోయింది ఆయనే.

అస్థికలని వెస్ట్‌వుడ్ స్మశానంలో, మార్లిన్ సమాధికి దగ్గర్లోనే పెట్టారు. 1988లో, నేను షాపులో ఉండగానే, అక్కడి ఖర్చుల బాకీ గొడవలో వాటిని బయటికి తీసి సముద్రంలో కలిపారు. సూపర్‌మార్కెట్ క్యూలో నిలబడి ఆ ఫోటోలు చూశాను, బిల్లు కట్టే చోట చూయింగ్ గమ్ పక్కన పెట్టే పత్రికల్లో. ఆ వారం ఆవిడ షాపుకొచ్చినప్పుడు నేను దాని గురించి ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. క్యాసెట్ తీసుకుని వెళ్లిపోయింది.

ఆవిడ నాకు చూపించిన ఇంకోటి చెప్పాలి. 1974లో ఎంజీఎం తన పాత పాటలన్నీ గుదిగుచ్చి 'దట్స్ ఎంటర్‌టైన్‌మెంట్!' అని తీసింది. ఒక్కో భాగాన్ని ఒక్కో పాత తార వచ్చి పరిచయం చేస్తారు. సినాట్రా ఉన్నాడు. బింగ్ క్రాస్బీ ఉన్నాడు. లాఫర్డ్ కూడా ఉన్నాడు! పామ్ స్ప్రింగ్స్ గొడవలోని ముగ్గురూ ఒకే సినిమాలో, ఎవరి ముక్క వారిది విడివిడిగా తీశారు. స్టూడియో బయటి సెట్లు అప్పటికే పాడుబడి ఉన్నాయి, వాటి మధ్య నడుస్తూ మాట్లాడతారు. లాఫర్డ్ జుట్టు పెంచాడు, మొహం ఉబ్బింది, మాట మాత్రం అదే. 'గుడ్ న్యూస్' రోజులు చెప్పుకుంటాడు. ఆ స్థలాలన్నీ తరవాత అమ్మేసి ఇళ్లు కట్టారు. మా అక్కావాళ్ల స్నేహితులొకళ్లు అక్కడే కొనుక్కున్నారు, సత్యనారాయణ వ్రతానికి కూడా వెళ్లొచ్చాం.

ఎవరికైనా ఓపికుంటే 'ఓషన్స్ 11'తో కాకుండా 'గుడ్ న్యూస్'తో మొదలుపెట్టండి. అందులో లాఫర్డ్ ఫ్రెంచ్ రాని మొద్దు, జూన్ ఆలిసన్ దగ్గర పాటరూపంలో పాఠం నేర్చుకుంటాడు. చిన్నతనంలో ఫ్రాన్స్‌లో పెరిగి ఫ్రెంచ్ గడగడా మాట్లాడేది ఆయనే. ఆలిసన్‌కి ఒక్క ముక్క రాదు, సెట్లో ఆవిడకి ఉచ్చారణ నేర్పిందీ ఆయనే. పాటలో మాత్రం ఆవిడ చెప్తుంటే ఈయన బుద్ధిగా తప్పులు పలుకుతూ కూర్చుంటాడు, ఎంత బాగా పలుకుతాడో ఆ తప్పులు.